నలభై రెండో రోజు

మన ఇళ్లలో బిడ్డ పుట్టిన నాటి నుంచి రోజులు లెక్కపెట్టే బాధ్యత పెద్దవాళ్లది. ఏడో రోజు అఖీఖా, పేరు పెట్టడం, పుట్టువెంట్రుకలు తీయించడం. నలభయ్యో రోజు చిల్లా స్నానం. ఆ రోజు దాదీయో నానీయో దగ్గరుండి బాలింతకు తలంటు పోయించి, కొత్త బట్టలు తొడిగించి, ఉన్నంతలో నలుగురికి భోజనం పెట్టి, ఇక గడప దాటవచ్చునని చెబుతారు. కలిగిన ఇంట్లోనైనా కూలి చేసుకునే ఇంట్లోనైనా ఈ లెక్క తప్పదు.

అదే బిడ్డ కోసం ఆరోగ్యశాఖ కూడా ఒక లెక్క పెట్టుకుంటుంది. ఆరు వారాలు నిండిన రోజున, అంటే నలభై రెండో రోజున, మొదటి విడత టీకాలు వేయాలన్నది ఆ లెక్క. రెండింటికీ మధ్య తేడా రెండే రోజులు. చిల్లా ముగిసిన తరువాత తల్లీబిడ్డల మొదటి ప్రయాణం బంధువుల ఇంటికో బజారుకో కాక టీకా కేంద్రానికే కావాలన్నది ఈ సంచికలో మేము చెప్పదలచిన మాట. ఆ మాటకు రెండో సగం కూడా ఉంది. అలా వచ్చిన తల్లిని గౌరవంగా కూర్చోబెట్టి, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి పంపవలసిన బాధ్యత ప్రభుత్వానిది. మొదటిది మన విధి, రెండోది మన హక్కు. ఈ రెంటిలో దేన్ని వదులుకున్నా నష్టపోయేది నోరులేని పసిబిడ్డ.

ముందుగా ఆ రోజున బిడ్డకు ఏమేమి ఇస్తారో తెలుసుకుందాం. తెలియనితనం నుంచే సగం భయం పుడుతుంది. కాన్పు అయిన ఆసుపత్రిలోనే మూడు ఇచ్చి ఉంటారు. ఎడమ భుజం మీద క్షయకు బీసీజీ, నోట్లో పోలియో చుక్కలు, ఇరవై నాలుగు గంటల్లోపు హెపటైటిస్ బి సూది. ఇక ఆరు వారాలకు ఇచ్చేవి ఐదు. పోలియో చుక్కలు రెండు. విరేచనాల వల్ల పసిపిల్లలు నీరసించి ప్రాణాల మీదికి తెచ్చుకునే రోటావైరస్‌కు మరో నోటి మందు. ఎడమ తొడకు పెంటావలెంట్ సూది. ఈ ఒక్క సూదిలోనే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే ఐదింటి నుంచి రక్షణ ఉంటుంది. కుడి తొడకు నిమోనియాను అడ్డుకునే పీసీవీ సూది. కుడి భుజం మీద చర్మం పొరలోకి కొద్దిపాటి పోలియో సూది. ఇవే ప్రైవేటు ఆసుపత్రిలో వేయిస్తే వేల రూపాయలు అవుతాయి. ప్రభుత్వ కేంద్రంలో ఒక్క పైసా తీసుకోరు. తీసుకోకూడదు.

ఒకేసారి మూడు సూదులా అని తల్లుల గుండె తరుక్కుపోవడం సహజం. కానీ ఈ వయసులోనే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఉంది. గర్భంలో ఉండగా తల్లి నుంచి అందిన రోగనిరోధక శక్తి పుట్టిన కొన్ని వారాల నుంచే తగ్గుతూ వస్తుంది. కోరింత దగ్గు పెద్దవాళ్లకు వస్తే దగ్గీ దగ్గీ తగ్గుతుంది. రెండు మూడు నెలల బిడ్డకు వస్తే ఊపిరి నిలిచిపోయే ప్రమాదం ఉంది. కనుక ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు అంటూ మూడు విడతలుగా ఇస్తారు. మొదటి సూది శరీరానికి శత్రువును పరిచయం చేస్తుంది. తరువాతివి ఆ పరిచయాన్ని గట్టిపరుస్తాయి. ఒక్క విడతతో ఆపడం పునాది తవ్వి గోడ కట్టకుండా వదిలేయడం వంటిది. ఆపై తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టర్లు, బడికి వెళ్లే ఐదారేళ్లకు మరొకటి, పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి సూదులు.

మన సమాజంలో చాలామంది పిల్లలు మొదటి విడత అసలు తీసుకోక కాదు, తీసుకున్నాక మధ్యలో జారిపోవడం వల్ల వెనుకబడుతున్నారు. దానికి మన కుటుంబ పద్ధతిలోనే ఒక కారణం ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. కార్డు అక్కడి ఏఎన్‌ఎం దగ్గర తయారవుతుంది. మొదటి టీకా అక్కడే పడుతుంది. తరువాత మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచి రోజు చూసుకుని తల్లీబిడ్డలు అత్తవారింటికి వస్తారు. సరిగ్గా రెండో, మూడో విడతల కాలం అదే. పుట్టింటి ఊళ్లోని రిజిస్టరులో ఆ బిడ్డ ఇంకా రావలసిన వాడిగా ఉంటాడు. అత్తవారి ఊళ్లోని రిజిస్టరులో అసలు ఉండడు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే అడిగే వారు కూడా ఉండరు. కడప, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల కుటుంబాలకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

నాకు తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. అలా అత్తవారింటికి వచ్చిన ఒక అమ్మాయి రెండో విడత కోసం దగ్గరలోని కేంద్రానికి వెళ్లింది. కార్డు తిరగేసి చూసిన ఉద్యోగి, "ఇది మా ఊరి కార్డు కాదు, ఆధార్‌లోనూ వేరే మండలం ఉంది, మీ ఊరికే వెళ్లి వేయించుకో" అన్నారు. ఆ అమ్మాయి వాదించలేదు. బిడ్డను కొంగులో చుట్టుకుని తిరిగి వచ్చేసింది. ఈ విషయం బస్తీలోని మహిళా బృందం చెవిన పడి, ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్లి వైద్యాధికారితో మాట్లాడేనాటికి నాలుగు నెలలు గడిచాయి. ఆయన వెంటనే టీకా వేయించారు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలునని, మళ్లీ మొదటి నుంచి ప్రారంభించనక్కరలేదని ఓపికగా చెప్పారు కూడా. ఆ నాలుగు నెలల్లో బిడ్డకు ఏమీ కాలేదు. కాకపోవడం అల్లాహ్ దయ. కానీ ప్రతి బిడ్డ విషయంలోనూ అలాగే జరుగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సార్వత్రిక టీకా కార్యక్రమంలో "మా ఊరి బిడ్డ, మీ ఊరి బిడ్డ" అన్న విభజన లేదు. ఏ ఊళ్లో పుట్టిన బిడ్డకైనా ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా టీకా వేయాలి. ఆధార్ లేదని, చిరునామా కలవలేదని, కార్డు పోయిందని బిడ్డను వెనక్కి పంపకూడదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన వాణ్ణి కనుక, కౌంటరు అవతల నిలబడిన మనిషిని చూడకుండా చేతిలోని కాగితాన్ని మాత్రమే చూసే అలవాటు ఎలా పుడుతుందో దగ్గరగా చూశాను. ఆ అలవాటుకు మందు ఒక్కటే. అవతల ఉన్నవారు నిబంధన తెలుసుకుని, మర్యాద తప్పకుండా, గట్టిగా అడగడం.

ఇక సందేహాల సంగతి. టీకా అంటే మన వాళ్లలో కొందరికి అనుమానం ఉందన్నది నిజం. ఆ అనుమానాన్ని చదువులేనితనమని, మూఢత్వమని ఎగతాళి చేసే వ్యాసాలు చాలానే వచ్చాయి. ఎగతాళి వల్ల ఒక్క బిడ్డకూ టీకా పడలేదు. అనుమానానికి వేర్లు ఎక్కడున్నాయో చూడాలి. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976లో, ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద ఇళ్లు కూల్చి జనం మీద కాల్పులు జరిపారు. అదే ఏడాది హర్యానాలోని మేవాత్ ప్రాంతపు ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను బలవంతపు నస్‌బందీకి పట్టుకుపోయారు. సూది పట్టుకుని వచ్చే ప్రభుత్వమంటే సంతానం లేకుండా చేయడానికే వచ్చిందన్న భయం ఆ జ్ఞాపకాల నుంచి వచ్చింది. 2011లో పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకుంది. ఇకపై టీకా కార్యక్రమాలను అలా వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. నైజీరియాలోని కానో రాష్ట్రంలో 2003లో పోలియో చుక్కలను నిలిపివేయడం వెనుక కూడా అంతకుముందు 1996లో అక్కడి పిల్లల మీద ఒక విదేశీ కంపెనీ జరిపిన మందుల ప్రయోగం మిగిల్చిన గాయం ఉంది.

ఇవన్నీ జరిగినవే. అయితే అక్కడితో ఆగకుండా తరువాత ఏం జరిగిందో కూడా చూడాలి. కానోలో చుక్కలు ఆగిన ఏడాదిలో పోలియో అక్కడి నుంచి ఇతర దేశాలకు పాకింది. చివరకు ఇండోనేషియాలో తయారైన టీకాను తెప్పించుకుని 2004లో కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టారు. అంత కాలం ఆ వ్యాధిని మోసింది అక్కడి ముస్లిం పిల్లలే. అన్యాయం చేసిన వారి కాళ్లు చచ్చుపడలేదు.

మన దేశంలో పోలియో కథ మరింత చెప్పుకోదగినది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వస్తే వాటిలో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోవే. వాటిలో సగానికి పైగా ముస్లిం పిల్లలవి. 2006లో మొరాదాబాద్ ప్రాంతం ఆ వ్యాధికి కేంద్రంగా మారింది. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు గల్లీ గల్లీకి చేరింది. ఆ పుకారును అణచింది పోలీసులు కాదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ వంటి మన విద్యాసంస్థల అధ్యాపకులు, విద్యార్థులు ఇళ్లకు వెళ్లారు. ఉలమాలు విజ్ఞప్తులు జారీ చేశారు. మసీదుల మైకుల్లో పోలియో ఆదివారం గురించి ప్రకటనలు చేశారు. ఆయా గల్లీల మహిళలే చుక్కల మందు సీసాలు పట్టుకుని తలుపులు తట్టారు. 2009లో 741గా ఉన్న కేసులు 2010లో 42కు, 2011లో ఒక్కటికి తగ్గాయి. ఆ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతమంతా పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ పొందింది. ఈ విజయంలో మన సమాజానికి ఉన్న వాటాను ఎవరూ పాఠ్యపుస్తకాల్లో రాయరు. కనీసం మన పిల్లలకు మనమైనా చెప్పుకోవాలి.

సంతానం కలగదన్న పుకారుకు కాలమే జవాబు చెప్పింది. దేశంలో పల్స్ పోలియో 1995 డిసెంబరులో మొదలైంది. ఆనాడు తల్లి ఒళ్లో కూర్చుని చుక్కలు మింగిన పిల్లలు నేడు ముప్పయ్యో పడిలో ఉన్నారు. వారికి నికాహ్‌లు అయ్యాయి, బిడ్డలు పుట్టారు. ఆ బిడ్డలనే ఇప్పుడు ఎత్తుకుని టీకా కేంద్రం ముందు వరుసలో నిలబడుతున్నారు. పుకారు నిజమైతే ఆ వరుసే ఉండేది కాదు.

మరికొందరికి హలాల్, హరామ్ సందేహం ఉంది. అది గౌరవించదగిన సందేహం. కొన్ని టీకాల తయారీలో జెలటిన్ వంటి పదార్థాల వాడకం గురించి ఇస్లామీ వైద్య, ధర్మశాస్త్ర పండితులు 1995లో కువైట్‌లో సమావేశమై చర్చించారు. ఒక పదార్థం పూర్తిగా మరో పదార్థంగా మారిపోతే దాని హుకుం కూడా మారుతుందన్న సూత్రాన్ని వివరించారు. 2018లో ఇండోనేషియా ఉలమా మండలి తట్టు, రుబెల్లా టీకా మీద ఫత్వా ఇస్తూ, అందులోని పదార్థం గురించి తన అభ్యంతరాన్ని దాచుకోకుండా చెప్పి, ప్రత్యామ్నాయం లేనప్పుడు ప్రాణరక్షణ కోసం అవసరం రీత్యా అనుమతించింది. అభ్యంతరం చెబుతూనే బిడ్డ ప్రాణాన్ని ముందు నిలబెట్టిన ఆ పద్ధతి గమనించదగినది. అంతెందుకు? హజ్‌కు వెళ్లే ప్రతి యాత్రికుడూ మెనింజైటిస్ టీకా తీసుకుని తీరాలి. హాజీలు ఆ సూదిని సంతోషంగా వేయించుకుంటారు. కాబా దర్శనానికి వెళ్లే తాత చేతికి సమ్మతమైన సూది మనుమడి తొడకు మాత్రం అనుమానాస్పదం ఎలా అవుతుంది? ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్ మీద భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధను మనం ప్రతి ప్రసంగంలోనూ వింటున్నాం. టీకా ఆ కట్టుతాడు వంటిదే.

టీకా అనేది పరాయివాళ్లు మన మీద రుద్దిన విద్య అనుకోవడం కూడా చరిత్రకు విరుద్ధం. మశూచికి, తట్టుకు తేడా వివరిస్తూ ప్రత్యేక గ్రంథం రాసినవాడు పదో శతాబ్ది తొలినాళ్ల వైద్యుడు అల్ రాజీ. జెన్నర్ టీకాకు ఎనభై ఏళ్ల ముందే ఉస్మానీ రాజ్యపు ఇస్తాంబుల్‌లో మశూచి పొక్కుల ద్రవంతో పిల్లలకు రక్షణ కల్పించే పద్ధతి ఉండేది. అక్కడి బ్రిటిష్ రాయబారి భార్య మేరీ మాంటేగ్ తన కొడుకుకు చేయించి, ఆ పద్ధతిని ఇంగ్లండుకు తీసుకువెళ్లింది. నేటి సంగతి చూస్తే, రోటావైరస్ మందును తయారు చేసిన భారత్ బయోటెక్, పెంటావలెంట్ తయారు చేసే బయొలాజికల్ ఇ రెండూ హైదరాబాద్ సంస్థలే. 2016లో దేశంలో మొట్టమొదట రోటావైరస్ టీకాను ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

టీకా పడని చోట ఏమవుతుందో చెప్పే ఉదాహరణలకు దూరం వెళ్లనక్కరలేదు. అక్షరాస్యతలో ముందున్న కేరళలో, ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో, 2016లో కంఠసర్పి పిల్లల ప్రాణాలు తీసింది. 2022 చివరిలో ముంబయిలోని గోవండి మురికివాడల్లో తట్టు వ్యాపించి పసిపిల్లలు చనిపోయారు. రెండు చోట్లా టీకాలు అందని, సగంలో ఆగిన పిల్లలే ఎక్కువగా బలయ్యారు. మన హైదరాబాద్‌లోనూ నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి కంఠసర్పితో వచ్చే పిల్లల సంగతి వైద్యులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2016 జూన్‌లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో పోలియో వైరస్ బయటపడితే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో లక్షలాది పిల్లలకు హడావుడిగా పోలియో సూదులు వేయవలసి వచ్చింది. పోయిందనుకున్న జబ్బు కాపలా సడలితే తిరిగి వస్తుంది.

అయితే నింద మొత్తం తల్లిదండ్రుల మీద వేసి చేతులు దులుపుకుంటే అది సగం నిజమే అవుతుంది. ముస్లింలు అధికంగా ఉన్న గ్రామాలకు వైద్య సౌకర్యాలు సరిగా అందడం లేదని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పూర్తి టీకాలు అందిన పిల్లల వాటా 2015-16లో 62 శాతం ఉండగా 2019-21 నాటికి 76.4 శాతానికి పెరిగింది. అంటే అప్పటికీ ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పూర్తి రక్షణ లేదు. ఆ ఒక్కరు ఎక్కువగా ఏ బస్తీల్లో, ఏ తండాల్లో, ఏ వలస కూలీల గుడిసెల్లో ఉంటారో ప్రభుత్వానికి తెలియనిది కాదు. దానికి తోడు 2019-20 నాటి పౌరసత్వ భయాలు, 2020 ఏప్రిల్‌లో కరోనాకు ఒక మతాన్ని బాధ్యురాలిని చేస్తూ సాగిన ప్రచారం మన గల్లీల్లో ఆరోగ్య కార్యకర్తకు, గృహిణికి మధ్య ఉన్న నమ్మకాన్ని దెబ్బతీశాయి. ఇంటికి వచ్చి పేర్లు రాసుకునే వారిని చూసి తలుపు వేసుకున్న తల్లిని తప్పుపట్టే ముందు, ఆ భయాన్ని ఎవరు కల్పించారో కూడా అడగాలి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. బిడ్డకు సాధ్యమైనంత మెరుగైన ఆరోగ్యం అందించే బాధ్యతను దాని 24వ అధికరణం ప్రభుత్వాల మీద పెట్టింది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యపు విధి అని రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతుంది. మరోవైపు, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరం మీద హక్కు 21వ అధికరణంలో భాగమని 2022 మే నెలలో కరోనా టీకాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడుల్లో తట్టు, రుబెల్లా టీకాలు వేసేటప్పుడు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని 2019లో ఢిల్లీ హైకోర్టు అంది. కొందరు ఈ తీర్పులను టీకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తున్నారు. అది పొరపాటు. ఆ తీర్పులు చెప్పింది టీకా వద్దని కాదు. చెప్పి వేయండి, అడిగి వేయండి అని. టీకా పొందే హక్కు, దాని గురించి తెలుసుకునే హక్కు రెండూ మనవే.

కనుక ఆరోగ్యశాఖను మేము కోరేది దయ కాదు. ముస్లిం బస్తీల్లో టీకా శిబిరాలు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉండాలి. రోజు కూలికి వెళ్లే తల్లుల కోసం సాయంత్రం వేళల్లోనూ కొన్ని శిబిరాలు నడపాలి. తల్లి పాలివ్వడానికి ఒక తెర, కూర్చోవడానికి ఒక బల్ల ఉండాలి. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రెండో అధికార భాష. అధికార భాష అన్న మాటకు అర్థం ఉంటే తల్లీబిడ్డల కార్డులోని సూచనలు, తరువాతి తేదీ ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లికి ఆ భాషలో అందాలి. ఊరు మారిన బిడ్డ వివరాలు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి కంప్యూటర్ ద్వారా చేరే ఏర్పాటు వచ్చిందంటున్నారు. అది కాగితం మీద కాక కౌంటరు వద్ద పనిచేయాలి. బుర్ఖాలో వచ్చిన తల్లి మీద, ఎక్కువమంది పిల్లలున్న తల్లి మీద విసిరే మాటలు ఆగాలి. ఎండలో వానలో తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు కూడా చాలీచాలని జీతాలతో పనిచేస్తున్న పేద మహిళలేనని మనం మరువరాదు. వారిలో అనేకులు మన ఇళ్లకు ఆత్మీయులయ్యారు. వారి సంఖ్య పెంచాలని, మన బస్తీల నుంచే మహిళలను ఆ ఉద్యోగాల్లోకి తీసుకోవాలని కోరడం కూడా ఈ హక్కుల్లో భాగమే.

మన వైపు నుంచి చేయవలసిన పనులు కష్టమైనవి కావు. మన రెండు రాష్ట్రాల్లో సాధారణంగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. నలభై రెండు రోజులు నిండాక వచ్చే మొదటి బుధవారాన్నో శనివారాన్నో చిల్లా స్నానం నాడే పెద్దవాళ్లు నిర్ణయించాలి. ఆ రోజు తండ్రి ఊళ్లో ఉంటే పనికి ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్లాలి. లేకపోతే తాతయ్యో మామయ్యో వెళ్లాలి. నిద్ర లేని బాలింతను ఒంటరిగా వరుసలో నిలబెట్టడం మగతనం కాదు. బిడ్డకు ముందుగా పాలు పట్టి, వదులైన బట్టలు వేసి తీసుకువెళ్లాలి. చిన్న జలుబు ఉందని వాయిదా వేయనక్కరలేదు. తీవ్రమైన జ్వరం ఉంటే, పూర్వం ఏదైనా టీకాకు ఒంటినిండా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటివి వచ్చి ఉంటే, పేగులకు సంబంధించిన జబ్బు వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

కేంద్రంలో నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ రోజు ఏ టీకాలు వేశారు? ఏ జబ్బులకు? ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? ఇవి చెప్పడం వారి విధుల్లో ఉన్నదే. సిరంజి కొత్త పొట్లం విప్పి తీశారో లేదో చూడండి. ఒకసారి వాడితే మళ్లీ పనిచేయని సిరంజిలనే వాడాలి. సూది వేయించిన తరువాత అరగంట అక్కడే కూర్చోండి. ఎంతో అరుదుగా వచ్చే తీవ్రమైన ప్రతిచర్య ఆ కాస్త సమయంలోనే కనబడుతుంది కనుక ఈ జాగ్రత్త. ఇంటికి వచ్చాక ఆ రాత్రి కాస్త జ్వరం, సూది చోట వాపు, ఏడుపు మామూలే. తల్లిపాలు ఎప్పటిలాగే ఇవ్వండి. జ్వరం మందు ఎంత మోతాదులో ఇవ్వాలో అక్కడే అడిగి రాసుకోండి. సూది చోట పసుపు, నూనె, వేడి కాపడం పెట్టకండి. జ్వరం తగ్గకపోయినా, బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ విషయం కేంద్రానికి తెలియజేయండి. అలాంటి ఫిర్యాదులను నమోదు చేసి విచారించే వ్యవస్థ ఉంది.

కార్డును ఇంటి పట్టా దాచుకున్నంత భద్రంగా దాచుకోండి. ఫోనులో ఫోటో తీసి బిడ్డ తండ్రికి, మామయ్యకు పంపండి. పుట్టింటి నుంచి బయలుదేరే అమ్మాయి సామాను సర్దేటప్పుడు ఆ కార్డు పెట్టెలో కాక చేతి సంచిలో ఉండాలి. జనన నమోదు కూడా ఆ రోజుల్లోనే ముగించండి. ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు ఉచితం. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేర్పించడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా రేపు ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుందో ఈ తరానికి వేరే చెప్పాలా?

మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. జుమా నమాజు తరువాత రెండు నిమిషాలు కేటాయించి, వచ్చే టీకా రోజు ఎప్పుడో, ఎక్కడో ప్రకటించండి. ప్రతి మొహల్లాలో ఇద్దరు చదువుకున్న అమ్మాయిలు ఒక నోటు పుస్తకంలో అక్కడి పసిపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పడిన టీకాలు రాసి పెట్టుకుంటే చాలు. ఊరు మారి వచ్చిన బిడ్డ ఏ ప్రభుత్వ రిజిస్టరులో లేకపోయినా ఆ పుస్తకంలో ఉంటాడు. మొదటి విడత అయ్యాక నాలుగు వారాలకు ఒకసారి, ఎనిమిది వారాలకు మరోసారి ఆ ఇంటి తలుపు తట్టాలి. ఆ పుస్తకంలోని లెక్కలను చూపించి, మా మొహల్లాలో ఇంతమంది పిల్లలు ఉన్నారు, శిబిరం ఇక్కడే పెట్టండి అని వైద్యాధికారిని అడగవచ్చు. నోటి మాటతో ఇచ్చే విజ్ఞాపనకన్నా లెక్కతో ఇచ్చే విజ్ఞాపన బరువు ఎక్కువ. ఆ బరువు ఎంతో కార్యాలయంలో కూర్చున్నవారికి బాగా తెలుసు.

రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాల గురించి ఈ పత్రిక ప్రతి నెలా రాస్తూనే ఉంటుంది. అవన్నీ బిడ్డ పెరిగి పెద్దయ్యాక వినియోగించుకునే హక్కులు. వాటిని అందుకోవడానికి ముందు ఆ బిడ్డ బతకాలి, కాళ్ల మీద నిలబడాలి. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఆరు వారాల బిడ్డ ఉంటే ఈ వారమే కార్డు తెరిచి చూడండి. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే వచ్చే బుధవారం దాన్ని నింపించండి.